ఖాళీ కొయ్యలు

మా నడిమింటి గోడకు రెండు కొయ్యలున్నయి. చెయ్యెత్తు మీద, ఒకదానికొకటి రెండు మూరల ఎడంతో. చిన్నప్పుడు ఒకసారి నా అంగీ తగిలిస్తే దాదీ కసిరింది. "వహాఁ నక్కో రే" అన్నది. ఎందుకో చెప్పలేదు.

చాలా ఏండ్లకు అబ్బా చెప్పిండు. దాదాకు ఒక భర్మారు తుపాకి ఉండేదట. గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చేది. కుందేళ్లకూ కౌజు పిట్టలకూ పోయేటోడట. 1948 సెప్టెంబర్ 13న యూనియన్ సైన్యం హైదరాబాద్ సంస్థానంల అడుగుపెట్టింది. 17న నిజాం లొంగిపోయిండు. ఆ రోజుల్లోనే దాదా తుపాకి దించి, అప్పజెప్పి వచ్చిండు. కొయ్యలు మాత్రం పీకలేదు.

నాకు పాత తుపాకులంటే ఇష్టం. ఈ మాట ఒక దొర బిడ్డ అంటే మీరు షికారు కథ కోసం చెవులు రిక్కిస్తరు. నేనంటే మీ మనసుల ఇంకేదో కదులుతది. కదిలిందని మీరు ఒప్పుకోరు. నాకు మాత్రం కనిపిస్తది.

1983 జనవరి ఎన్నికలకు మా దౌల్తాబాద్ బడిల పోలింగు పెట్టిన్రు. అప్పుడు మాది మెదక్ జిల్లా. సిద్దిపేట జిల్లా అయింది 2016లో. వరండాల కూసున్న పోలీసు పక్కన త్రీనాట్‌త్రీ గోడకు ఆనించి ఉన్నది. నాకప్పుడు పదకొండేండ్లు. కండ్లార్పకుండ చూస్తుంటే ఆయన నవ్వి, "చదువొస్తదా? ఇది చదువు" అని బోల్టు పిడి కింద ఇనుము మీది అక్షరాలు చూపిండు. పైన కిరీటం. కింద జి.ఆర్.ఐ. దాని కింద ఇషాపూర్, 1942. జార్జి చక్రవర్తి ముద్ర అని తర్వాత తెలిసింది. చక్రవర్తి పోయి అన్నేండ్లయినా తుపాకి ఇంకా ఎన్నికల డ్యూటీ చేస్తున్నది.

అప్పటి నుంచి నేను ముద్రలు పోగు చేసిన. తుపాకులు కాదు, ముద్రలు. ఒక రూళ్ల కాపీలో బొమ్మ గీసి, సంవత్సరం రాసుకునేటోణ్ని. బందోబస్తు పోలీసుల దగ్గర, బ్యాంకు ముంగట కూసునే మాజీ సిపాయిల దగ్గర, సాలార్‌జంగ్ మ్యూజియం ఆయుధాల గదిలో. ఇంగ్లండుల ఎన్‌ఫీల్డ్, బర్మింగ్‌హాంల బి.ఎస్.ఏ., ఆస్ట్రేలియాల లిత్‌గో. ఎక్కడెక్కడి ఇనుమో సముద్రాలు దాటి మా కచేరీల గోడలకు చేరింది. అన్నిట్ల నన్ను ఆపేసిన ముద్ర ఇషాపూర్‌దే. దేశం రిపబ్లిక్ అయినంక ఆ ఫ్యాక్టరీ కిరీటం తీసేసి అశోకుని సింహాలు కొట్టింది. అదే ఫ్యాక్టరీ, అదే నమూనా, అదే కర్ర. నిన్న ఎవరి దిక్కున్నవని ఆ తుపాకిని ఎవరూ అడగలేదు.

త్రీనాట్‌త్రీ మామూలు మనుషులకు నిషిద్ధ బోరు. అందుకే లైసెన్సుదారుల కోసం .315 బోరు రైఫిల్ చేసిన్రు. 2019 సవరణతో ఒక మనిషికి ఉండే తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గినయి. కాని బాగుచేసినా పేలని పాతకాలం ఆయుధానికి 1959 చట్టమే మినహాయింపు ఇచ్చింది. అంటే నాకు దారి లేక కాదు.

2007 వేసవిల ఒక దోస్తు వాళ్ల గడీ కూలగొడుతుంటే అటకమీద మార్టినీ హెన్రీ దొరికింది. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న రకం. గొట్టం పగిలింది, లోపలి పనిముట్లేవీ లేవు. "ఇనుప ముక్క, నువ్వే తీస్కపో" అన్నడు. దాని మీది కిరీటాన్ని వేలితో తడిమి చూసిన. తీసుకోలేదు. మే 18న మక్కా మసీదుల బాంబు పేలి ఇంకా నెల కాలేదు. హైదరాబాద్‌ల మా పోరగాండ్లను పట్టుకపోతున్నరు. వాళ్లల్ల చాలామందిని తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలిపెట్టినయి. ఆ తుపాకి ఇప్పుడు మా దోస్తు డ్రాయింగు రూముల సోఫా మీద వేలాడుతున్నది. వచ్చినోళ్లంత దాని ముందల నిలబడి ఫోటో దిగుతరు.

నేను ఇంటికొచ్చేసరికి అమ్మీ పొయ్యి ముందల కూసున్నది. నా కాపీ సగం కాలిపోయింది. ఇరవై నాలుగేండ్ల ముద్రలు.

"అంకెలే కద అమ్మీ అందుల?"

"అంకెలే బేటా. వాళ్లకు అవి చాలు" అన్నది.

నా ఖాలా కొడుకు షికాగోల ఉంటడు. అక్కడ యాభై ఏండ్లు దాటిన తుపాకులు సేకరించెటోళ్లకు వేరే లైసెన్సు ఉన్నదట. ఇషాపూర్ నుంచి మిగులు సరుకుగా పోయిన రైఫిళ్లను అక్కడ విదేశీ వస్తువని ముచ్చటపడి కొంటరట. "నువ్వెందుకు కొనలేదురా?" అన్న. "నా పేరుతోనా భాయ్?" అన్నడు.

తుపాకి అమాయకమైందని నేననను. ఇప్పటి మా జిల్లాలనే బైరాన్‌పల్లి ఉన్నది. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం బలగాలు ఆ ఊరి మనుషులను వరుసగా నిలబెట్టి కాల్చిన్రు. వాళ్లను ఎదిరించిన బురుజు ఇంకా నిలబడే ఉన్నది. నేను పోయి చూసిన, తల దించుకున్న. అదే నెల హైదరాబాద్‌ల రజాకార్ల చేతుల చచ్చినోడు 'ఇమ్రోజ్' ఎడిటర్ షోయబుల్లాఖాన్. 1947 సెప్టెంబర్ 11న నిజాం మీద సాయుధపోరుకు పిలుపునిచ్చిన ముగ్గురిల ఒకడు మఖ్దూం మొహియుద్దీన్. పోలీసు చర్య తర్వాత సంస్థానంల చచ్చిన మనుషులు తక్కువల తక్కువ 27 నుంచి 40 వేలని సుందర్‌లాల్ కమిటీ రాసింది. వాళ్లల్ల ఎక్కువమంది ముస్లిములే. ఆ నివేదిక జనం చదవడానికి 2013 దాకా పట్టింది. ఇవన్నీ ఒక్కతీరుగ గుర్తుంచుకోమంటే, మీకు మొదటిదే ఎందుకు గుర్తుంటది?

"మీ తాత రజాకారా?" అని నన్ను చాలాసార్లు అడిగిన్రు. నవ్వుకుంట అడిగినోళ్లున్నరు, నవ్వకుండ అడిగినోళ్లున్నరు. కాదు, కుందేళ్ల షికారోడు అని చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇప్పుడు చెప్పుడు బంద్ చేసిన. ఏ దోస్తునూ నేను మీ తాత ఏం చేసిండని అడగలేదు. గడీలున్నోళ్లను సుత.

కొత్త కాపీ ఒకటి కొన్న. మొదటి పేజీల గుర్తున్నంతమట్టుకు ఆ 1942 ముద్ర గీసిన. కిరీటం సరిగ్గ రాలేదు. మొన్న నా బిడ్డ స్కూలు సంచి తెచ్చి ఆ కొయ్యకు తగిలించింది. అమ్మీ చూసింది, ఏమనలేదు.

ఇనుము మీద ముద్ర మార్చి, దాన్ని ఈ దేశపు తుపాకి అన్నరు. ఎవరూ అనుమానపడలేదు. మేం ఏ ముద్రా మార్చుకోవాల్సిన పని లేకుండ ఈ మట్టి మీదనే పుట్టినం. ఆ తుపాకి మీద పెట్టుకున్నంత నమ్మకం మా మీద పెట్టుకోవడానికి మీకు ఇంకెన్నేండ్లు పడుతది?