అంచు లేని కొలత

వికారాబాద్ స్టేషన్‌లో బండి ఆగీ ఆగకముందే జామపండ్ల గంపతో ఒక పెద్దమ్మ ఎక్కి, నా కాళ్ల దగ్గరే చతికిలబడింది. "ఎన్నున్నయమ్మా?" అన్నాను. గంప వైపు చూడనైనా చూడలేదు. "మస్తున్నయ్ బిడ్డా, తీస్కో" అంది.

అడిగింది లెక్క. చేతికొచ్చింది మస్తు. పండుతో పాటు ఆ మాటనూ తాండూరు దాకా నములుతూనే ఉన్నాను.

ఎక్కువను చెప్పడానికి తెలుగులో ఉన్న పాతమాటల్లో చాలావాటి వెనక ఏదో ఒక పాత్ర ఉంటుంది. బోలెడు అంటే బోలె నిండా. గంపెడు, చాటెడు సరేసరి. చివరికి దుఃఖాన్ని కూడా ధాన్యంలాగే పుట్టెడు అని కొలిచాం. ఎంత పోసినా వాటికి ఒక అంచుంటుంది. మస్తుకు అది లేదు. ఫారసీలో దాని అర్థం మత్తెక్కినవాడని. మదమెక్కిన ఏనుగునూ ఉర్దూలో మస్త్ అనే అంటారు. ఆ మాట మన నాలుక మీదికి వచ్చేసరికి మత్తు దిగిపోయి, నిండుతనం మిగిలింది. పైగా వంశపు ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా పేరును వికారాబాద్ అని ఊరిపేరుగా మోస్తున్న చోట దీన్ని పరాయి మాటని ఎవరంటారు?

ఈ వైపు "బగ్గ" కూడా ఉంది. నా చెవికి బగ్గలో రాశి మాత్రమే వినబడుతుంది, మస్తులో కాస్త మురిపెం కూడా. బగ్గ తిన్నవాడికి కడుపు నిండింది; మస్తు తిన్నవాడికి పప్పు కూడా కుదిరింది. (మరి "మస్తు తిప్పలైంది" అంటారు కదా, అందులో మురిపెమేదని నన్నడక్కండి.)

పప్పు అన్నాక తాండూరు ఊరుకోదు. 2022లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న కంది అక్కడిది. ఇళ్లలో పరిచే తాండూరు బండలు బయటపడే ఆ సున్నపురాతి సీమలోనే లోతైన నల్లరేగడి ఉంది. అందులోని బంకమట్టి ఖనిజమే ఆ గింజకు గుణమిచ్చిందంటారు. తొందరగా ఉడుకుతుంది, రుచి ఎక్కువ.

మార్కెట్ యార్డులో కంది కుప్ప పక్కన కూర్చున్న రైతును పంటెట్లుందని అడిగాను.

"మస్తు కాసింది సార్" అన్నాడు. కాంటా వైపు చూసి, గొంతు తగ్గించాడు. "అందరికీ మస్తే కాసింది. గదే తిప్పలు."