తోపుడు బండిలో తెలుగు పుస్తకం

అమెరికా యూనివర్సిటీ లైబ్రరీల్లో పుస్తకాలు సర్దేది చాలావరకు విద్యార్థులే. గంటకిన్ని డాలర్ల కోసం చేరతారు. వెళ్లేటప్పుడు ఒక ఇష్టమైన పుస్తకాన్నీ, బోలెడు కబుర్లనూ వెంట తీసుకెళ్తారు.

'మీ అబ్బాయి అమెరికాలో ఏం చేస్తున్నాడండీ?' అని ఎవరైనా అడిగితే చాలు... 'ఎమ్మెస్ చేస్తున్నాడు' అని గర్వంగా చెబుతారు నాన్నలు. సాయంత్రం క్లాసు అయ్యాక ఏం చేస్తాడన్నది మాత్రం చాలామంది చెప్పరు. కొందరికి తెలియదు. తెలిసినవాళ్లకి చెప్పుకోవడం ఇష్టం ఉండదు. సాయంత్రాలు ఆ అబ్బాయి తోపుడు బండి తోస్తాడు మరి! కాకపోతే అందులో కూరగాయలుండవు. పుస్తకాలుంటాయి.

ఎఫ్-1 వీసా మీద వెళ్లిన విద్యార్థి క్లాసులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయడానికి లేదు. ఆ ఇరవై గంటల కోసమే ఎక్కడలేని పోటీ. క్యాంటీన్‌లో గిన్నెలు కడగడం కావచ్చు, పార్కింగ్ దగ్గర నిలబడటం కావచ్చు. లైబ్రరీలో పని దొరికినవాడిది మాత్రం అదృష్టం కిందే లెక్క. చలిలో తిరగక్కర్లేదు. పరీక్షలప్పుడు పుస్తకం కోసం వెతుక్కోనూ అక్కర్లేదు.

రాతి గోడల పుస్తకాల కోట

అలాంటి కొలువులకు పెట్టింది పేరు యూనివర్సిటీ ఆఫ్ షికాగోలోని జోసెఫ్ రీగెన్‌స్టైన్ లైబ్రరీ. 1970లో తెరిచారు. మొత్తం ఏడంతస్తులు. ఐదు పైన, రెండు నేల కింద. సున్నపురాతి గోడలతో దూరం నుంచి చూస్తే కోటలా ఉంటుంది. ఒకప్పుడు ఇక్కడ స్టాగ్ ఫీల్డ్ అనే ఆటస్థలం ఉండేది. దాని గ్యాలరీ కిందే 1942 డిసెంబరు 2న ఎన్రికో ఫెర్మీ బృందం తొలి అణు గొలుసుకట్టు చర్యను సాధించింది. అణుయుగం మొదలైన చోటికి పక్కనే పుస్తకాల కోట వెలిసిందన్నమాట!

పక్కనే 2011లో కట్టిన మాన్‌స్యూటో లైబ్రరీ ఇంకో వింత. పైకి కనిపించేది గాజు గుడారం ఒక్కటే. పుస్తకాలన్నీ దాని కింద యాభై అడుగుల లోతున ఉంటాయి. 35 లక్షల పుస్తకాలు పట్టే ఆ నేలమాళిగలో సర్దేదీ తీసేదీ యంత్రాలే. కంప్యూటర్‌లో అడిగితే కొద్ది నిమిషాల్లో పుస్తకం పైకి వస్తుంది.

మరి మనుషులతో పనేముంది? ఉంది. పాత భవనంలో అలమరలు పాఠకులకు తెరిచే ఉంటాయి. ఎవరైనా వెళ్లి చేత్తో తీసి చూసుకోవచ్చు. మనుషులు తీసినవాటిని మళ్లీ మనుషులే సర్దాలి. అక్కడే విద్యార్థి చేతికి తోపుడు బండి వస్తుంది.

55 పెద్దదా? 6 పెద్దదా?

పుస్తకం తీసుకెళ్లి అరలో పెట్టడం... అదేమంత పని అనిపిస్తుంది. కొత్తవాళ్లు మొదటిరోజే బోల్తా పడేది ఇక్కడే. ప్రతి పుస్తకం వీపున ఒక నంబరు ఉంటుంది. దాన్ని కాల్ నంబర్ అంటారు. అందులో ఒకదాని చివర వి55 అనీ, ఇంకోదాని చివర వి6 అనీ ఉందనుకోండి. ఏది ముందు? ఆరు ముందని చటుక్కున అనేస్తాం. తప్పు! అక్షరం తర్వాతి అంకెల్ని దశాంశాలుగా చదవాలి. అంటే 0.55, 0.6. కాబట్టి 55 ముందు, 6 తర్వాత. ఇంజినీరింగ్‌లో ఫస్టు క్లాసు తెచ్చుకున్నవాళ్లయినా తొలివారం ఇక్కడ తడబడటం మామూలే.

నవ్వుకునే సంగతే కానీ పొరపాటు ఖరీదు పెద్దది. లక్షల పుస్తకాల మధ్య తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం. కేటలాగు 'ఉంది' అంటుంది. అర 'లేదు' అంటుంది. అందుకే సర్దడం అయ్యాక వరుసలన్నీ నంబరు నంబరుగా మళ్లీ చూసుకుంటూ పోతారు. ఆ పనిని 'షెల్ఫ్ రీడింగ్' అంటారు.

గోధుమల డబ్బుతో వచ్చినవి

ఈ వరుసల్లో పి.ఎల్. 4780 అనే నంబరు దగ్గరికొస్తే తెలుగువాడి కాళ్లు వాటంతటవే ఆగుతాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతిలో తెలుగు సాహిత్యానికి కేటాయించిన చోటు అది. తెలుగు రానివాళ్లకి అక్కడ కనిపించేవి నంబర్లే. బండి తోసే తెలుగు పిల్లలకు మాత్రం పేర్లు కనిపిస్తాయి. చలం, శ్రీశ్రీ, విశ్వనాథ... అమ్మ బీరువాలోవో, తాతయ్య చదివినవో!

కేటలాగులో వెతకడమూ ఒక విద్యే. అక్కడ తెలుగు పేర్లను రోమన్ లిపిలో రాస్తారు. మనం 'సిహెచ్' అని రాసే చకారాన్ని వాళ్లు ఒక్క 'సి'తో సరిపెడతారు. అంటే చలం దొరకాలంటే 'సి' దగ్గర వెతకాలి.

ఇంతకీ మన పుస్తకాలు ఇంత దూరం ఎలా వచ్చాయి? పాతతరానికి పి.ఎల్.480 అనే మాట గుర్తుండే ఉంటుంది. 1954లో అమెరికా చేసిన ఆ చట్టం కింద మనకు గోధుమలు వచ్చాయి. వాటి ఖరీదును మనం రూపాయల్లోనే చెల్లించాం. పోగుపడిన ఆ రూపాయల్లో కొంత పెట్టి మన పుస్తకాలు కొనేందుకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962లో ఢిల్లీ కేంద్రంగా ఒక పథకం మొదలుపెట్టింది. తెలుగుతోపాటు మన భాషలన్నింట్లో అచ్చయిన పుస్తకాలూ పత్రికలూ కొని అమెరికా యూనివర్సిటీలకు పంపేవారు. షికాగో వాటిలో ఒకటి. వెల్చేరు నారాయణరావు దశాబ్దాలపాటు తెలుగు బోధించిన విస్కాన్సిన్ యూనివర్సిటీ మరొకటి. ఎనభైల్లో ఆ రూపాయలు అయిపోయాయి. అయినా లైబ్రరీలు సొంత డబ్బు పెట్టుకుని కొనడం మానలేదు.

చట్టం పి.ఎల్.480, తెలుగు అర పి.ఎల్.4780! రెండింటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఆ పోలిక తెలిసిన తెలుగువాడు నవ్వుకోకుండా ఉండలేడు.

ఆ లైబ్రరీలోనే ఆమె

ఈ కొలువు చేసినవాళ్లను కదిలిస్తే కబుర్ల పుట్ట పగులుతుంది. తిరిగొచ్చిన పుస్తకాల్లో దొరికే బస్సు టిక్కెట్లు, ఎండిన పూలు, ఎవరో ఎవరికో రాసి పోస్టు చేయని ఉత్తరాలు. పరీక్షల ముందు పక్కవాడికి దొరక్కుండా సంబంధంలేని అరలో దాచిన పుస్తకాలు. మూసేవేళకి బల్లమీదే నిద్రపోయినవాళ్లను లేపడం...

కొందరికి జీవితమే మలుపు తిరిగింది. అమెరికా ఈశాన్యపు కొసన మెయిన్ రాష్ట్రంలో ఒరొనో అనే చిన్న ఊరుంది. అక్కడి యూనివర్సిటీ ఫోగ్లర్ లైబ్రరీలో అరవైల చివర పనిచేసిన ఓ పేద విద్యార్థికి, అక్కడే పనిచేస్తున్న ఒక అమ్మాయి పరిచయమైంది. 1971లో పెళ్లి చేసుకున్నారు. తర్వాత అతను ఒక నవల మొదలుపెట్టి, నచ్చక కాగితాలు చెత్తబుట్టలో పడేశాడు. ఆమె వాటిని తీసి చదివింది. పూర్తిచేయమని పట్టుబట్టింది. 1974లో అచ్చయిన ఆ నవల 'క్యారీ'. అతను స్టీఫెన్ కింగ్. ఆమె టబితా. తర్వాత ఆమె కూడా నవలలు రాసింది.

పేరు మిగిల్చే చీటీ

అక్కడి కొన్ని కాలేజీ లైబ్రరీల్లో చక్కటి ఆనవాయితీ ఒకటుంది. డిగ్రీ పూర్తయి వెళ్లిపోయే విద్యార్థి ఉద్యోగిని 'నీకు బాగా ఇష్టమైన పుస్తకం ఏది? ఇక్కడ పనిచేసిన రోజుల్లో మరిచిపోలేనిదేమిటి?' అని అడుగుతారు. చెప్పిన పుస్తకం లోపలి అట్ట మీద ఆ విద్యార్థి పేరుతో ఓ చీటీ అంటిస్తారు. ఎవరి ఇష్టం వాళ్లది. ఒకరు చిన్నప్పటి బొమ్మల కథ చెప్పొచ్చు, ఒకరు కవిత్వం చెప్పొచ్చు. ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో ఆ పుస్తకం తెరుస్తారు. ఒకప్పుడు దీన్ని ప్రేమించినవాడు ఇక్కడ బండి తోశాడని తెలుసుకుంటారు. జీతం ఎప్పుడో ఖర్చయిపోతుంది. ఆ చీటీ ఉండిపోతుంది.

మన పిల్లల్ని అడిగితే? ఇంగ్లిష్ పుస్తకాల పేర్లు గబగబా చెబుతారేమో. తెలుగులో ఒకటి చెప్పమంటే ఆలోచనలో పడేవాళ్లే ఎక్కువ. తప్పు వాళ్లొక్కరిదే కాదు. ఇంట్లో తెలుగు పుస్తకం కనిపిస్తేనే కదా, వేల మైళ్ల అవతల అరలో దాన్ని గుర్తుపట్టేది!

అరవై ఏళ్ల కిందట గోధుమల డబ్బుతో సముద్రాలు దాటిన తెలుగు పుస్తకం ఇవాళ అడగ్గానే చేతికందుతోందంటే కారణం ఒక్కటే. తీసిన ప్రతిసారీ ఎవరో ఒక విద్యార్థి దాన్ని సరిగ్గా దాని చోటనే పెట్టాడు. కాబట్టి ఈసారి 'మీ అబ్బాయి అక్కడ ఏం చేస్తున్నాడండీ?' అని ఎవరైనా అడిగితే నసగనక్కర్లేదు.

'పుస్తకాలు సర్దుతున్నాడు' అని ధైర్యంగా చెప్పొచ్చు.