ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర

మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. పొద్దున తొమ్మిది దాటగానే క్యాష్ కౌంటర్ పక్కనున్న చిన్న బల్ల చుట్టూ జనం మూగారు. బల్ల మీద కంప్యూటరు, చిన్న కెమెరా, వేలిముద్రల యంత్రం, తాళ్లు కట్టిన కేస్‌షీట్ల దొంతర. వెనక గోడకు 104 నంబరు రాసిన, పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం బోర్డు. కుర్చీలో, ఆ పథకం కింద వచ్చే రోగులకు దారి చూపే ముప్ఫై అయిదేళ్ల ఆరోగ్యమిత్ర. ఆమెను మాట్లాడించడానికి వెళ్లిన మేము పక్కనే బెంచీ మీద కూర్చున్నాం కానీ, ఆమెకు మాతో మాట్లాడే తీరిక దొరికేసరికి మధ్యాహ్నమైంది.

"కార్డు దెచ్చినవా అవ్వా?"

"దెచ్చిన బిడ్డా. ముసలాయనకు గుండెల స్టంటు ఎయ్యాల్నంట. ఆరోగ్యశ్రీల ఐతదా?"

అవ్వ కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో రేషన్ కార్డు, రెండు ఆధార్ కార్డులు, మందుల షాపు చీటీలు. ఆరోగ్యమిత్ర అన్నీ బల్ల మీద పరిచి చూసింది. రేషన్ కార్డులో పెద్దాయన పేరు ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా ఉంది. ఒక్క అక్షరమే తేడా. ఆ అక్షరం దగ్గరే చాలామంది బండి ఆగిపోతుందని ఆమె తర్వాత చెప్పింది. అప్పుడు మాత్రం అవ్వతో, "ఐతదవ్వా, నువ్వు పరేషాన్ గాకు, నీళ్లు దాగి కూసో" అని, ఫోనందుకుని జిల్లా కార్యాలయంతో మాట్లాడింది.

ఈ పథకానికీ పాలమూరుగా పిలిచే మహబూబ్‌నగర్‌కూ పుట్టుకతోనే బంధముంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న రాజీవ్ ఆరోగ్యశ్రీని మొదట మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. మూడూ వలసకు పేరుబడ్డవే. అంతకుముందు పేదవాడికి గుండె ఆపరేషన్ కావాలంటే ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని హైదరాబాద్ వెళ్లాలి, ముఖ్యమంత్రి సహాయనిధి కోసం ఎదురుచూడాలి. దయగా అందిన సాయాన్ని హక్కుగా మార్చిన పథకం ఇది. దాన్ని ఎవరు తెచ్చారన్న రాజకీయం పక్కనబెట్టి ఈ మాట ఒప్పుకోవాలి.

పని జరిగే తీరు ఇదీ. రోగి వివరాలు, ఫొటో ఎక్కించాక ఆసుపత్రి డాక్టరు ఈసీజీ, యాంజియో రిపోర్టులు జతచేసి ఆరోగ్యశ్రీ ట్రస్టుకు ముందస్తు అనుమతి కోసం పంపుతారు. ఇక్కడందరూ దాన్ని 'ప్రీఆథ్' అంటారు. ట్రస్టు డాక్టర్లు చూసి సరేనంటే ఆపరేషన్. ప్రాణం మీదికొస్తే అంతసేపు ఆగనక్కర్లేదు, ఫోన్‌లోనే అనుమతి తీసుకోవచ్చు.

ఆ తర్వాతి సంగతి చాలామందికి తెలియదు. ప్యాకేజీలో ఆపరేషన్ ఖర్చొక్కటే లేదు. పరీక్షలు, మందులు, భోజనం, ఇంటికి వెళ్లే దారి ఖర్చు కూడా అందులోనివే. డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులివ్వాలి. ముప్ఫై రోజుల్లోపు ఆపరేషన్ తాలూకు ఇబ్బంది ఏదొచ్చినా ఆ ఆసుపత్రే ఉచితంగా చూడాలి. నియమం ఇంత స్పష్టంగా ఉన్నా, ఆ ఉదయం ఒక యువకుడు జేబులోంచి రక్తపరీక్షల బిల్లు తీసి చూపించాడు. వేరే ఊళ్లో, వేరే ఆసుపత్రిలో వాళ్ల నాన్నకు అయిన ఆపరేషన్ తాలూకుది. "కట్టుమన్నరు, కట్టినం మేడం." రశీదు ఉంది కాబట్టి 104కు ఫోన్ చేయించి ఫిర్యాదు రాయించింది ఆమె. రశీదు లేకపోతే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవలసిందే.

పదకొండు గంటలకు ఒక మేస్త్రీ వచ్చాడు. పుణెలో సెంట్రింగ్ పని చేస్తూ కాలు విరగ్గొట్టుకున్నాడు. అక్కడ కట్టు మాత్రం కట్టించుకుని, రాత్రంతా బస్సులో కూర్చుని సొంత జిల్లాకు వచ్చాడు. ఆరోగ్యశ్రీ ఇక్కడే చెల్లుతుందని ఎవరో చెప్పారట. అయితే తెలంగాణ 2021లో కేంద్ర పథకమైన ఆయుష్మాన్ భారత్‌లోనూ చేరింది. ఆ జాబితాలో పేరుంటే ఆ పథకం అమలవుతున్న ఏ రాష్ట్రంలోనైనా పథకంలోని ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. వలస కూలీకి అన్నిటికన్నా పనికొచ్చే ఈ ముక్క అతని దాకా రాలేదు. పాలమూరులో పుణె, ముంబై బస్సులు ఎక్కే చోటనే ఈ సంగతి పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

అతని వేలిముద్ర పడలేదు. బొటనవేలు పెట్టాడు, చూపుడువేలు పెట్టాడు, యంత్రం తీసుకోలేదు. సిమెంటు, ఇనుపచువ్వలు వేళ్ల గీతలను అరగదీశాయి. ఆరోగ్యమిత్ర తడిగుడ్డతో అతని వేళ్లు ఒక్కొక్కటే తుడిచి, పొడిగా ఒత్తి, మళ్లీ పెట్టించింది. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలికి యంత్రం ఒప్పుకుంది. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

మధ్యాహ్నం కాస్త సందు దొరికాక ఆమె చెప్పిన వాటిలో రేషన్ కార్డుల గోడు ఎక్కువ. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులు సరిగా రాలేదు. 2025లో మళ్లీ పెద్దఎత్తున ఇచ్చారు. ఈలోగా పెళ్లిళ్లయి వేరుపడ్డ జంటలు, పుట్టిన పిల్లలు ఏ కార్డులోనూ లేకుండా పోయారు. జబ్బు పడ్డ రోజున గానీ పేరు లేదన్న సంగతి బయటపడదు. కోడలి కాన్పులో చిక్కులొస్తే ఆమె పేరు పుట్టింటి కార్డులో ఉంటుంది, కార్డేమో ఇంకో మండలంలో.

డయాలసిస్ రోగుల విషయంలో ఆమె ఇంకో అడుగు ముందుకేస్తుంది. డయాలసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితమని వాళ్లకు తెలుసు. 2023 నుంచి వాళ్లకు ప్రభుత్వ పింఛను కింద నెలకు 2,016 రూపాయలు వస్తుందని కొందరికే తెలుసు. దరఖాస్తు పెట్టించడం ఆమె ఉద్యోగంలో భాగం కాదు. అయినా పెట్టిస్తుంది.

ప్రభుత్వాలు పరిమితి పెంచినప్పుడల్లా పెద్ద వార్తవుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో కుటుంబానికి ఏడాదికి 2 లక్షలుగా మొదలైంది, తర్వాత తెలంగాణలో 5 లక్షలు, 2023 డిసెంబరు 9 నుంచి 10 లక్షలు అయింది. ఆంధ్రప్రదేశ్‌లో 25 లక్షల దాకా వెళ్లింది. తెలంగాణ 2024లో 163 చికిత్సలు కొత్తగా చేర్చింది, మొత్తం 1,835 అయ్యాయి. ఇవన్నీ మంచివే. కానీ ఆసుపత్రులకు బకాయిలు పేరుకుంటే ఆ అంకెలు రోగికి అక్కరకు రావు. 2025 సెప్టెంబరులో తెలంగాణలోనూ, అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఆ రోజుల్లో ఈ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు మంత్రిని అడగలేదు, యాజమాన్యాన్ని అడగలేదు. ఎదురుగా ఉన్న ఆరోగ్యమిత్రనే అడిగారు. ఆమె వాళ్లను జిల్లా ప్రభుత్వాసుపత్రికి పంపడానికి ఫోన్లు చేస్తూ కూర్చుంది.

పథకం ఎన్ని లక్షలదైనా రోగి దాకా తెచ్చేది ఈ బల్లే. ఇక్కడ కూర్చునే ఆరోగ్యమిత్రలు ఇన్నేళ్లుగా ఔట్‌సోర్సింగ్ ఉద్యోగులే. పథకం మీద పెట్టే కోట్లలో వీళ్ల జీతాలెంత? వీళ్లను పర్మనెంట్ చేయాలి. పెద్ద ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా ఒకరుండేలా చూడాలి. పేదవాడి తరఫున అడిగే మనిషి లేనిచోట ఉచిత వైద్యం ఉత్తర్వులోనే మిగిలిపోతుంది.

సాయంత్రానికి ముసలాయనకు ప్రీఆథ్ వచ్చింది. మేస్త్రీ కాలి కేసు ఇంకా ట్రస్టు దగ్గరే ఉంది.

ఇది చదువుతున్నవారు ఇవాళే ఒక పని చేయండి. మీ ఇంటి రేషన్ కార్డు తీసి, అందరి పేర్లూ ఉన్నాయో లేదో, ఆధార్‌తో అక్షరమక్షరం కలుస్తున్నాయో లేదో చూడండి. మీ ఇంట్లో పనిచేసే అమ్మది, మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ది కూడా అడిగి చూడండి. తేడా ఉంటే మీసేవలో దరఖాస్తు పెట్టించండి. ఆసుపత్రిలో డబ్బు అడిగితే రశీదు తీసుకోమని, 104కు ఫోన్ చేయమని చెప్పండి.