అజ్జి నన్ను 'మీరు' అంది

'ఏక్ దూజే కే లియే' చూసినవాళ్ళకు లిఫ్టులో పాట గుర్తుండే ఉంటుంది. హిందీ సరిగ్గా రాని కమల్‌హాసన్, హిందీ సినిమాల పేర్లన్నీ గుదిగుచ్చి రతి అగ్నిహోత్రికి పాడి వినిపిస్తాడు. 1981లో హాలంతా ఈలలు వేస్తుంటే నేను మాత్రం మా అజ్జిని తలుచుకుని తల దించుకున్నాను. ఎందుకో చెబుతాను.

మాది తాండూరు. 1956 దాకా మా తాలూకా గుల్బర్గా జిల్లాలో ఉండేది. ఆ ఏడు రాష్ట్రాలు మారినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాం. సరిహద్దు జరిగింది గాని ఇంట్లో మాటలు జరగలేదు. అమ్మమ్మది సేడం వైపు. ఆమెను 'అజ్జీ' అనే పిలిచేవాళ్ళం. అజ్జి "ఊట ఆతా?" అనేది. పక్కింటి చాచా "ఖానా హువా క్యా?" అనేవాడు. అమ్మేమో "బువ్వ తిన్నవా?" అనేది. ఎవరికి వాళ్ళ మాటలోనే జవాబు చెప్పేవాణ్ణి. ఇవి మూడు భాషలని నాకప్పుడు తెలియనే తెలియదు. ఒక్కో మనిషికి ఒక్కో మాట ఉంటుందనుకున్నాను, అంతే! చిన్నపిల్లలు ఎదుటి ముఖం చూసి మాట మార్చేస్తారు. దానికి వ్యాకరణం పుస్తకం అక్కర్లేదు.

ఇంటర్‌కి వికారాబాదు వెళ్ళాను. రైల్లో సుమారు 40 కిలోమీటర్లు. నోట్లో కన్నడం దొర్లితే చాలు, "అరె, రాజ్‌కుమార్ వచ్చాడ్రోయ్!" అని హాస్టలంతా నవ్వేది. పట్టుబట్టి మన హీరోల తెలుగు నేర్చాను.

ఒకరోజు అజ్జి జొన్నరొట్టెలు మూటగట్టుకుని కాలేజీ గేటు దగ్గరికి వచ్చింది. అందరి ముందూ కన్నడంలో పలకరించింది. నేను బిగుసుకుపోయి, "బాగానే ఉన్నాను. మీరు వెళ్ళండి" అన్నాను. అజ్జి నన్ను ఎగాదిగా చూసింది. మూట చేతిలో పెట్టి, వచ్చీరాని తెలుగులో "మీరు తినుండ్రి" అంది. అప్పట్నుంచి ఇంటికి వెళ్ళినా నాతో తెలుగే. నన్ను 'మీరు' అనే!

అదండీ, ఆ హాల్లో నాకు గుర్తొచ్చింది. ప్రేమించిన పిల్ల కోసం హీరో కొత్త భాష నేర్చుకుంటున్నాడు. దాని మూలం, బాలచందర్ 'మరోచరిత్ర' (1978), మద్రాసులో డబ్బింగు లేకుండా తెలుగులోనే నెలల తరబడి ఆడింది. కావాలనుకున్నవాళ్ళకు భాష ఏపాటి అడ్డం? నేనేమో వచ్చిన భాషనే వదిలేశాను, నలుగురు నవ్వారని.

ఆ ఆదివారమే తాండూరు బండెక్కాను. అజ్జి వాకిట్లో కందులు చెరుగుతోంది. రెండేళ్ళు వాడని మాట, గొంతులో ఇరుక్కుంది. ఎలాగో కూడదీసుకుని "అజ్జీ, ఊట... ఆతా?" అన్నాను.

చేట ఆగింది. నా వంక చూడకుండానే అంది:

"ఆతప్పా. నిందు?"

'నిందు' అంటే 'నీది' అని. 'మీది' కాదు!