చిన్న సంచి, ఖాళీ సీటు



మన యౌవనస్థుల్లో కొందరు బండ్ల మీద నాలుగు రోజులు ఊళ్లు తిరిగి రావాలని అనుకుంటున్నారు. నల్లగొండ నుంచి కొండమల్లేపల్లి, దేవరకొండ, డిండి, అచ్చంపేట, నాగర్‌కర్నూల్ మీదుగా మహబూబ్‌నగర్ దాకా పోయి, తిరుగు దారిలో జడ్చర్ల, కల్వకుర్తి చూసుకుని రావాలని వాళ్ల ఆశ. దారిలో ఉన్న చిన్న చిన్న సహవాసాలను దర్శించి, వాళ్లతో కూర్చుని ప్రార్థన చేయాలని వాళ్ల కోరిక. ఆ పిల్లల కోసం దేవునికి స్తోత్రము. వాళ్లలో ఒక తమ్ముడు నన్ను అడిగాడు: "అయ్యగారూ, మీరు ఎప్పుడూ బండి మీదనే తిరుగుతరు గద, దూరం పోయేటప్పుడు ఏ బ్యాగు మంచిగుంటది?"

ముందు బండి సంగతే చెబుతాను. వీపుకు తగిలించుకునే బ్యాగు దూర ప్రయాణానికి పనికిరాదు. గంట తిరక్కముందే భుజాలు లాగుతాయి, బరువంతా పైకి ఉండి మలుపుల్లో మనిషిని ఊపుతుంది. ట్యాంకు మీద పెట్టే బ్యాగు చేతికి అందుబాటులో ఉంటుంది. అయితే అయస్కాంతాలతో అంటుకునే రకం ఇనుప ట్యాంకుకే పట్టుకుంటుంది, ప్లాస్టిక్ కవరు ఉంటే పట్టీలతో కట్టేది తీసుకోవాలి. హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకోవాలి. సీటుకు రెండు వైపులా వేలాడే బ్యాగుల్లో బరువు కిందికి ఉంటుంది కనుక బండి నిలకడగా నడుస్తుంది. రెండు వైపులా బరువు సమానంగా ఉండాలి. సైలెన్సర్ వైపు సంచి దానికి ఆనితే కాలిపోతుంది, కాబట్టి మెకానిక్ దగ్గర చిన్న ఇనుప కమ్మీ కట్టించుకోండి. వెనుక సీటు మీద కట్టే పెద్ద బ్యాగు అన్నింటికంటే సులువు, చాలా మంది కొనేది కూడా అదే. దాని గురించి చివర్లో చెబుతాను.

ఏ సంచి అయినా కట్టిన పట్టీల కొసలు వేలాడకూడదు. చైనులోనో చక్రంలోనో పడితే ప్రాణం మీదికి వస్తుంది. వానకు కవరు ఉన్నా, లోపల బట్టలనూ బైబిలునూ ప్లాస్టిక్ కవర్లో చుట్టి పెట్టండి. బరువు పెరిగితే వెనుక టైరులో గాలి ఎంత ఉండాలో బండి కంపెనీ రాసే ఉంచుతుంది, చదివి ఆ ప్రకారం కొట్టించండి.

నా సంచులు రెండు పక్కలా కలిపి ఇరవై లీటర్లకు మించవు. అందులో ఒక జత బట్టలు, తువ్వాలు, రెయిన్‌కోటు, పంక్చరు సామాను, మందుబిళ్లలు, బైబిలు, పాటల పుస్తకం, ప్రభువు బల్ల కోసం చిన్న డబ్బా ఉంటాయి. అంతే. "ఎందుకైనా మంచిది" అని పెట్టిన వస్తువు ఎక్కువసార్లు పెట్టినట్టే తిరిగి వస్తుంది.

పాలమూరు నుంచి వలస పోయే కుటుంబాలను మనం చూస్తూనే ఉన్నాం. బొంబాయి, పుణె బస్సు ఎక్కేటప్పుడు వాళ్ల మూటలో బియ్యం, నాలుగు గిన్నెలు, కప్పుకునే దుప్పటి, చంకలో బిడ్డ. ఏది అవసరమో ఏది సౌకర్యమో వాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. మనమేమో నాలుగు రోజులకు పోతూ ఇల్లంతా వెంట తీసుకుపోవాలని చూస్తాం.

వాక్యంలో ఈ విషయం గురించి రెండు మాటలు కనిపిస్తాయి. మార్కు 6వ అధ్యాయంలో ప్రభువు తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపుతూ చేతికర్ర తప్ప రొట్టె వద్దు, జోలె వద్దు, డబ్బు వద్దు, రెండో అంగీ కూడా వద్దు అన్నాడు. లూకా 22వ అధ్యాయంలో, సిలువకు ముందు రాత్రి, అదే ప్రభువు ఇప్పుడు సంచి ఉన్నవాడు దానిని తీసుకోవాలి అన్నాడు. అంటే సంచి దానంతట అది పాపమూ కాదు, పరిశుద్ధతా కాదు. అయితే ఆ రాత్రి ఆయన ముందుగా అడిగిన ప్రశ్న గమనించండి: ఏమీ లేకుండా పంపినప్పుడు మీకేమైనా తక్కువైందా? ఏమీ తక్కువ కాలేదని వాళ్లు చెప్పారు. ఎందుకు తక్కువ కాలేదు? ఏదో ఒక ఊళ్లో ఎవరో ఒకరు తలుపు తీశారు, అన్నం పెట్టారు.

మన ప్రాంతంలో ఈ మాట లోతు ఎక్కువ. 1890 ప్రాంతంలో రష్యా నుంచి నల్లగొండకు వచ్చిన మిషనరీ అబ్రహాం ఫ్రీసెన్ కాలంలో పల్లెలు తిరగడమంటే ఎడ్లబండ్లు, డేరాలు, వంట సామాను. దొరకని చోటికి పోతున్నారు కనుక అది వాళ్లకు అవసరం. మనకు ఇప్పుడు ప్రతి ఊళ్లో ఒక ఇల్లు ఉంది. ఆ ఇళ్లలో చాలా వరకు ఎవరివి? వాళ్ల తాతల చేతి నీళ్లు ఊరు ముట్టలేదు. బావి దగ్గర వాళ్లను దూరం నిలబెట్టారు. అలాంటి ఇంటికి పోయి, వాకిట్లో కూర్చుని, మన సంచిలోంచి మన టిఫిన్ డబ్బా తీసి తింటే, మన ప్రసంగం కంటే ఆ డబ్బా గట్టిగా మాట్లాడుతుంది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడు సంగతి అందరికీ తెలుసు, దారికి ఒక సీసా నీళ్లు పెట్టుకోండి, తప్పు లేదు. కాని ఆ తల్లి జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చి ముందు పెట్టినప్పుడు మీ సంచిలో దానికి పోటీ ఏదీ ఉండకూడదు. తీసుకోవడం కూడా సేవే.

ఇక వెనుక సీటు మీద కట్టే బ్యాగు గురించి. దానిని నేను కొనలేదు. మన దగ్గర వెనుక సీటు సామాను పెట్టే చోటు కాదు, మనిషి కూర్చునే చోటు. పోయిన ఆగస్టులో అచ్చంపేట దారిలో, వాన సన్నగా పడుతుండగా, ఒక పెద్దమ్మ చెయ్యెత్తింది. "అయ్యా, నా బిడ్డ కాన్పుకు దవాఖానల ఉన్నది, బస్సు ఎల్లిపాయె" అన్నది. ఆమె మన సంఘపు మనిషి కాదు, ఏ సంఘపు మనిషీ కాదు. నేను రెండో హెల్మెట్ పక్కన తగిలించుకుని తిరుగుతాను, అది ఆమెకిచ్చాను. దవాఖానా గేటు దగ్గర దిగి, "నీ పిల్లలు చల్లగుండాలె" అని లోపలికి ఉరికింది. నా సీటు మీద పెద్ద బ్యాగు ఉండి ఉంటే ఆమెను చూసి జాలిపడి, ముందుకు పోయేవాణ్ణి. జాలి ఉంటుంది, చోటు ఉండదు.

మంచి సమరయుని ఉపమానం మనం ఎన్నిసార్లో విన్నాం. ఈసారి అతని సామాను చూడండి. గాయాలకు పోయడానికి నూనె, ద్రాక్షారసం ఉన్నాయి. పూటకూళ్ల ఇంట్లో ఇవ్వడానికి డబ్బు ఉంది. గాయపడినవాణ్ణి ఎక్కించడానికి తన వాహనం మీద చోటు ఉంది. అతను వట్టి చేతులతో రాలేదు, మోయలేనంతా తెచ్చుకోలేదు. ముందుగా పోయిన యాజకుడు, లేవీయుడు ఏం మోసుకుపోతున్నారో ప్రభువు చెప్పలేదు. కాని వాళ్ల ప్రయాణంలో ఇంకొకరికి చోటు లేదని మాత్రం తేటగా తెలుస్తుంది.

కనుక తమ్ముళ్లారా, సంచి కొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది లేకపోతే నా పని ఆగుతుందా? ఇది ఉంటే ఎవరి చేతి ముద్దను నేను కాదనవలసి వస్తుంది? ఇది పెట్టాక దారిలో ఒక మనిషికి చోటు మిగులుతుందా? ఈ మూడు ప్రశ్నలు బండికే కాదు, మన ఇళ్లకు, మన జీతాలకు, మన ఆదివారాలకు కూడా వర్తిస్తాయి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, మాకు కావలసినంత ఇచ్చావు, నీకు వందనములు. మా మూటలను తేలిక చేయుము. మేము వెళ్లే ఇళ్లలో వంచిన తలతో తీసుకొనే మనస్సు ఇమ్ము. దారిలో నిలబడినవారికి మా దగ్గర చోటు ఉండునట్లు కృప చూపుము. బయలుదేరే మా పిల్లలను క్షేమముగా తీసుకొని వెళ్లి, క్షేమముగా తీసుకొని రమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.