పంచదార దయ్యాలు

అక్టోబరు 31వ తేదీ అనగానే మన సంఘములలో, ముఖ్యముగా గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘములలో, సంస్కరణ దినము జ్ఞాపకము వస్తుంది. 1517లో ఆ తేదీననే మార్టిన్ లూథర్ గారు విట్టెన్‌బర్గులో తన 95 సిద్ధాంతములను బయలుపరచారు. అమెరికా పిల్లలకైతే ఆ రోజు హాలోవీన్. దయ్యాలుగా, అస్థిపంజరాలుగా వేషాలు వేసుకొని ఇంటింటికి తిరిగి మిఠాయిలు అడుగుతారు. తల్లులు ఇంట్లో ఆ రూపాలతోనే బిస్కట్లు, కేకులు చేస్తారు.

మా సంఘములోని ఒక కుటుంబపు అమ్మాయి టెక్సాసులో కాపురముంటున్నది. నిరుడు ఆ రోజులలో మాకు ఫోను చేసి, "అయ్యగారూ, అమ్మ నాతో మాట్లాడటం మానేసింది" అని ఏడ్చింది. సంగతి ఏమనగా, ఆమె తన ఏడేళ్ల కూతురితో కలిసి దయ్యాల ఆకారంలో మిఠాయిలు చేసి, ఫోటోలు ఊరికి పంపింది. ఇక్కడ తల్లి వాటిని చూసి, "మీ నాన్న పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే ఇంట్లో దయ్యాలా?" అని ఫోను పెట్టేసింది. ఆ తల్లి మా సంఘములో ప్రార్థనాపరురాలు. ఆమె మాటను తేలికగా తీసివేయలేము. బిడ్డ కన్నీటినీ తీసివేయలేము.

మేము మొదట, "అవి ఎలా చేశావమ్మా?" అని అడిగాము. ఆమె ఏడుపు ఆపి చెప్పింది. రెండు కోడిగ్రుడ్ల తెల్లసొన, నాలుగైదు చుక్కల నిమ్మరసము, వంద గ్రాముల పంచదార. పచ్చసొన చుక్క పడినా, గిన్నెకు జిడ్డున్నా నురుగు నిలవదట. తెల్లసొనను గిలక్కొడుతూ పంచదారను చెంచా చెంచాగా వేసి, గిన్నె బోర్లించినా జారనంత గట్టిపడేవరకు కొట్టాలి. దానిని మూల కత్తిరించిన ప్లాస్టిక్ సంచిలో నింపి, గోరింటాకు కోను పిండినట్లు కాగితము మీద పిండి పైకి లాగితే, తెల్ల దుప్పటి కప్పుకున్న దయ్యము నిలబడుతుంది. ఓవెనులో సుమారు 95 డిగ్రీల సన్నని వేడిమీద గంటన్నర ఉంచితే అది కాలదు, ఎండుతుంది. చల్లారాక, కరిగిన చాక్లెట్‌లో పుల్ల ముంచి కళ్లు, నోరు దిద్దాలి. నోట్లో వేసుకుంటే చప్పున కరిగిపోతుంది. ఎక్కువ భాగము గాలే కదా!

ఆ పిల్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. తాతగారు చనిపోయినది మొదలు రాత్రిళ్లు ఒంటరిగా స్నానాల గదికి కూడా వెళ్లడము లేదట. "తాతయ్య దయ్యం అవుతాడా?" అని అడిగేదట. మిఠాయిలు చేసిన రోజున మాత్రము ఒకదానికి మెల్లకన్ను, ఒకదానికి వంకర నోరు పెట్టి పకపక నవ్వింది. ఒకదానికి కళ్లజోడు దిద్ది, "ఇది తాతయ్య" అన్నది.

ఆ ఒక్కదాని దగ్గర మేము ఆగాము. "తాతగారు ప్రభువునందు నిద్రించారు, ఆయన దయ్యము కాలేదు, కాబోరు అని పిల్లకు స్పష్టముగా చెప్పమ్మా" అన్నాము. "చెప్పాను అయ్యగారూ. అయితే ఇది తాతయ్య కాదు, తాతయ్య కళ్లజోడు ఎత్తుకుపోయిన దయ్యం అంది." మా ఇంటివారు ప్రక్కన ఉండి విని, నవ్వు ఆపుకోలేకపోయారు.

హాలోవీన్ అను మాటకు పరిశుద్ధుల దినమునకు ముందటి సాయంత్రము అని అర్థము. నవంబరు 1 ఆ దినము. ఒకప్పుడు ఇంగ్లాండులో ఆ రోజులలో ఇంటింటికి వచ్చిన బీదలకు సోల్ కేకులు అను చిన్న రొట్టెలు ఇచ్చి, చనిపోయినవారి కొరకు ప్రార్థించమనేవారు. సంస్కర్తలు అట్టి ప్రార్థనలను త్రోసివేశారు. రొట్టె మాత్రము కొన్ని ఊళ్లలో మిగిలింది. మెక్సికోలోనైతే ఆ దినములలో పంచదార పుర్రెలు చేస్తారు. తడిపిన పంచదారను అచ్చులో నొక్కి, ఆరబెట్టి, రంగుల పాకముతో పూలు దిద్ది, నుదుటిమీద పేరు వ్రాస్తారు. బ్రతికియున్న స్నేహితుని పేరు వ్రాసి ఇవ్వడము కూడా ఉన్నది! మన తిరునాళ్లలో పంచదార చిలకలు కొని తిన్నవారికి అచ్చు పని తెలిసినదే, ఆకారమే వేరు.

ఇదంతా ఆ తల్లికి చెప్పబోయాము. ఆమె మాటలేకుండా ఎడమచేతి మీది కాలిన మచ్చ చూపించారు. చిన్నతనములో జ్వరము తగ్గకపోతే, దయ్యము పట్టిందని భూతవైద్యుడు వాత పెట్టాడట. ఆ భయములోనుండి విడిపింపబడి వచ్చిన మనిషి ఆమె. టెక్సాసు పిల్లకు దయ్యమంటే దుప్పటి. ఈమెకు అది చేతిమీది మచ్చ. విగ్రహములకు అర్పించిన ఆహారమును గూర్చి కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 8వ అధ్యాయములో పౌలు చెప్పినది ఇట్టి ఇళ్ల కొరకే అని మాకు తోచింది. తినడములో దోషము లేదని తెలిసినవారు, తెలియనివారి మనస్సాక్షిని కూడా చూడాలి. కనుక చేసికోవద్దని అమ్మాయికి మేము చెప్పలేదు. అమ్మ అడిగేవరకు ఫోటోలు పంపవద్దన్నాము. ఆ పిల్ల చేసినది దయ్యములను పూజించడము కాదని తల్లికీ చెప్పాము. ఆమె అవుననలేదు, కాదనలేదు.

నవంబరు 2న, మన పల్లెలలో చాలాచోట్ల జరిగే సమాధుల పండుగ నాడు, ఆమె భర్త సమాధికి సున్నము వేయించి, బంతిపూలు పెట్టి, క్రొవ్వొత్తులు వెలిగించారు. మేమే ఫోను పట్టుకొని టెక్సాసుకు వీడియో కలిపాము. అక్కడ ఇంకా ఉదయమే. పిల్ల నిద్రకళ్లతో చాలాసేపు చూసి, "చీకట్లో అక్కడ భయం వేయదా అమ్మమ్మా?" అని అడిగింది.

"మీ తాతయ్య దగ్గర భయమేంటే పిచ్చిదానా" అన్నారామె.

ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు చాలాదూరము మౌనముగా నడిచి, మా గుమ్మము దగ్గర ఆగి, "ఆ కళ్లజోడు దాని ఫోటో నేను తీసేశాను అయ్యగారూ. మళ్లీ పంపమని మీరే చెప్పండి" అన్నారు.