ఖమ్మం నుంచి భద్రాచలం ఎంత దూరం?

ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే దాదాపు 120 కిలోమీటర్లు, మూడు గంటలు అని చూపిస్తుంది. వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, ఆ తర్వాత గోదావరి వంతెన. సొంత కారు ఉన్నోళ్లకి ఆ లెక్క సరిపోతుంది. మా అమ్మనడిగితే "రెండు రోజుల కూలి" అనేది. పోయిన రోజు ఒకటి, తిరిగొచ్చిన రోజు ఒకటి. మా మాదిగ వాడ చర్ల వైపు. అంటే భద్రాచలంలో దిగాక ఇంకో 60 కిలోమీటర్లు, రోడ్డు దిగాక నడక.

'భద్రాచలం రోడ్' అని రైల్వే స్టేషన్ ఒకటుంది. హైదరాబాద్ నుంచి మొదటిసారి వచ్చే మిత్రులు అక్కడ దిగి గోదావరి ఏదీ అని అడుగుతారు. ఆ స్టేషన్ ఉన్నది కొత్తగూడెంలో. గోదావరి ఇంకా 40 కిలోమీటర్లు. సింగరేణి బొగ్గు కోసం పడ్డ పట్టాలవి. బొగ్గుందని మణుగూరు దాకా పోయాయి. భద్రాచలానికి మాత్రం రాలేదు. రోడ్డు వంతెన కూడా 1965లో వచ్చిందే. అంతకుముందు పడవలే.

ఊరు కదలకుండానే దూరం మారడం మా దగ్గర చూడాలి. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది, ఆ తర్వాత ఖమ్మంలో. 2016లో కొత్తగూడెం జిల్లా కేంద్రమయ్యాక కలెక్టరేట్ 80 కిలోమీటర్లు దగ్గరైంది. మంచిదే. కానీ భద్రాచలం పక్కనే ఉన్న ఎటపాక సంగతి చూడండి. 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిపారు. జిల్లా ఆఫీసు కాకినాడకు పోయింది, 200 కిలోమీటర్ల పైమాటే. 2022లో పాడేరుకి మార్చారు. ఇప్పుడు చర్ల బస్సు తెలంగాణలో బయలుదేరి, కాసేపు ఆంధ్రలో నడిచి, మళ్లీ తెలంగాణలోకొస్తుంది. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సు ఉచితం. అదే బస్సులో, అదే కూలికి పోయే ఎటపాక అక్క ఆధార్‌లో ఆంధ్ర అడ్రసు ఉంది కాబట్టి టికెట్ కొనాలి.

ఇక మ్యాప్‌లో కనపడని దూరం ఒకటుంది. నాకు ఎంట్రన్స్ పరీక్ష సెంటర్ ఖమ్మంలో పడింది. పరీక్ష పొద్దునే, నిమిషం ఆలస్యమైనా గేటు మూస్తారు. తెల్లారి బయలుదేరితే అందదు, ముందు రోజే పోవాలి. పోయి ఎక్కడుండాలి? నాతో వచ్చిన భూస్వాముల పిల్లోడికి ఖమ్మంలో మేనమామ ఇల్లుంది. నేనూ నాన్నా ఒక ఇంటి ముందు నిలబడి ఒక్క రాత్రికి గది అడిగాం. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. తర్వాత "మీరేమిట్లండీ?" అన్నాడు. నాన్న దాచలేదు. గది ఖాళీ లేదన్నాడాయన. గది తలుపు తెరిచే ఉంది, లోపల మంచం కనపడుతోంది. ఆ రాత్రి బస్టాండు బల్ల మీద నేను పడుకున్నా, నాన్న కూర్చునే ఉన్నాడు. పొద్దున కుళాయి దగ్గర మొహం కడుక్కుని సెంటర్‌కి నడిచాం. పక్క బెంచీలో ఆ పిల్లోడు ఇస్త్రీ చొక్కాతో ఉన్నాడు. ఇద్దరికీ అవే ప్రశ్నలు. ర్యాంకులొచ్చాక "మీకేంట్రా, రిజర్వేషనుంది" అన్నదీ వాడే.

ఇప్పటికీ చర్ల, దుమ్ముగూడెం నుంచి మన పిల్లలు పరీక్షలకి ఖమ్మం పోతున్నారు. ఖమ్మంలో గదులు తీసుకుని చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఒక రాత్రి ఇద్దరికి చాప వేసే చోటివ్వగలిగితే నాకు మెసేజ్ పెట్టండి. ఆడపిల్లలకి చోటు దొరకడం ఇంకా కష్టంగా ఉంది, ముందు వాళ్లకి చూద్దాం.

జై భీమ్.

(ఇంకా ఉంది)